వేటకీ వేటకీ మధ్య బోటు బ్యాటరీ: ఒడ్డున చేయాల్సిన పనులు

జూన్ 15 తెల్లవారుజామున, వేట నిషేధం తీరాక, బోటు దింపుతారు. వలలు బాగుచేసుకున్నారు, ఇంజిన్‌ ఆయిల్ మార్చారు, బోటుకి కొత్తగా రంగు కూడా వేశారు. చేపలెక్కడున్నాయో చూపించే ఫిష్ ఫైండర్ స్విచ్ వేస్తే స్క్రీన్ ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. "ఏటయ్యిందిరా, రాత్రంతా చార్జింగెట్టాం కదా" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తిట్లన్నీ బ్యాటరీ అమ్మిన కొట్టతనికి పోతాయి. చాలాసార్లు అతని తప్పేమీ ఉండదు. ఏప్రిల్‌లో చివరి వేట నుంచి వచ్చిన రోజున ఆ బ్యాటరీ సగం చార్జితో పాక మూలన పడింది. రెండు నెలలు దాని మొహం ఎవరూ చూడలేదు. అది పోయింది సముద్రం మీద కాదు, ఆ మూలనే.

ఒడిశాలోని గంజాం తీరంలో గోపాలపూర్, ఆర్యపల్లి, మార్కండి, సోనాపురం, ఇటు బాహుదా నది దాటాక ఇచ్ఛాపురం పక్కన డొంకూరు, ఎక్కడ చూసినా మనవాళ్ల బోట్లు ఏడాదిలో చాలా రోజులు ఇసుక మీదే ఉంటాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం. రుషికుల్యా ముఖద్వారం వైపు ఉన్నవాళ్లకైతే తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల ఇంకో నిషేధం. ఇవిగాక తుఫాను హెచ్చరికలు, దక్షిణపు గాలి రోజులు, ఇంజిన్ రిపేర్లు ఉండనే ఉన్నాయి. అందుకే బ్యాటరీ జాగ్రత్త అంటే ముఖ్యంగా ఒడ్డున చేసే పనే.

మన బోట్లలో ఎక్కువగా ఉండేది సీసం, యాసిడ్ బ్యాటరీ. దాని నుంచి కరెంటు తీస్తున్న కొద్దీ లోపలి ప్లేట్ల మీద సీసం సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే అది మళ్లీ కరిగి యాసిడ్‌లో కలుస్తుంది. పెట్టకుండా వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు. కొట్లలో "ప్లేట్లు పట్టేశాయి" అనేది దీన్నే. పైగా వాడకపోయినా బ్యాటరీ దానంతటదే దిగుతుంది. యాసిడ్ పోసే మామూలు బ్యాటరీ నెలకు 5 నుంచి 10 శాతం దిగుతుంది, పాతదైతే ఇంకా ఎక్కువ. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెట్టింపవుతుంది. మే నెలలో రేకుల పాకలో ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

ముందు మీ దగ్గరున్నది ఏ బ్యాటరీయో చూసుకోండి

చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే డీజిల్ ఇంజిన్ ఉన్న ఫైబర్ బోటులో బ్యాటరీకి లైట్లు, జీపీఎస్, ఫిష్ ఫైండర్, వైర్‌లెస్ సెట్టు నడపడమే పని. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న పెద్ద బోటులో ఇంజిన్ తిప్పడమూ దాని పనే. ఈ రెండు పనులకీ బ్యాటరీలు వేరు. లారీ, ట్రాక్టర్ బ్యాటరీల్లో ప్లేట్లు పలచగా ఉంటాయి. కొన్ని సెకన్లు భారీగా కరెంటు ఇవ్వడానికి చేసినవవి. రాత్రంతా లైట్లు వెలిగించి దాన్ని అడుగు దాకా దింపితే కొద్ది నెలల్లోనే చతికిలపడుతుంది. ఇన్వర్టర్లకు, సోలార్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ నెమ్మదిగా ఎక్కువసేపు ఇవ్వడానికి తయారైంది. రాత్రి లైట్లకు, ఎలక్ట్రానిక్ సామానుకు అదే మేలు. కాకపోతే బరువు ఎక్కువ, ఎత్తు ఎక్కువ, అలల్లో పడిపోకుండా గట్టిగా కట్టుకోవాలి.

మూతలు తీసి నీళ్లు పోయగలిగితే అది మామూలు రకం. మూతలు లేకుండా "మెయింటెనెన్స్ ఫ్రీ" అని రాసి ఉంటే నీళ్లు పోసే పని లేదు, కానీ చార్జింగ్ పని మాత్రం అంతే ఉంటుంది. ఆ పేరు చూసి ఏమీ చేయనక్కర్లేదనుకునేవాళ్లు చాలామంది. ఏజీఎం అని ఉంటే లోపల యాసిడ్‌ను గాజు పీచు పీల్చుకుని ఉంటుంది. దానికి వోల్టేజీ ఎక్కువ పెడితే ఆరిపోతుంది, మళ్లీ నింపలేం. లిథియం సంగతి వేరే, చివర్లో చెప్తాను.

స్టిక్కర్ మీద 12 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), సీ20 అని ఉంటే, 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని అర్థం. అలాగని ఆ వందా వాడుకోకూడదు. సగానికి మించి దింపకుండా ఉంటేనే బ్యాటరీ ఏళ్లపాటు నిలుస్తుంది. కాబట్టి 100 ఏహెచ్ బ్యాటరీని 50 అనుకుని లెక్క వేసుకోండి. ఒక రాత్రి వేట పది గంటలనుకుందాం. ఫిష్ ఫైండర్, జీపీఎస్ కలిపి 1 ఆంపియర్ అయితే పది గంటలకు 10 ఆంపియర్ అవర్లు. వైర్‌లెస్ ఊరికే వింటూ ఉంటే అర ఆంపియర్ చొప్పున 5. మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది కానీ అది నిమిషాల లెక్క. ఎల్ఈడీ లైట్లు అన్నీ కలిపి 2 ఆంపియర్లయితే 20. మొత్తం 35కు కాస్త అటూఇటూ. ఒక రాత్రికి సరిపోతుంది. రెండో రాత్రి కూడా చార్జింగ్ లేకుండా వెళ్తే సరిపోదు. చాలా బోట్లలో పాడయ్యేది ఆ రెండో రాత్రే.

వేట నుంచి రాగానే

బోటు ఇసుక మీదకి లాగాక మెయిన్ స్విచ్ ఆపండి. మెయిన్ స్విచ్ లేకపోతే పెట్టించుకోండి, దానికి అయ్యే ఖర్చు కొత్త బ్యాటరీతో పోలిస్తే లెక్కలోకి రాదు. బ్యాటరీ పైభాగాన్ని మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. పైన ఉప్పు తేమ పొరలా ఉంటే ప్లస్ నుంచి మైనస్‌కు కరెంటు కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. తుడిచే ముందు మూతలు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి.

అదే రోజు చార్జింగ్ పెట్టాలి. "రేపు చూద్దాం" అన్నచోటే సగం బ్యాటరీలు పోతున్నాయి. రేపు గాలి ఎక్కువై వేటకు వెళ్లకపోతే, ఆ రేపు వారమవుతుంది.

విప్పి తీసుకెళ్లడం

విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర్లో మైనస్. ఇంజిన్‌ బాడీకి మైనస్ కలిపి ఉన్న బోటులో ముందు ప్లస్ విప్పుతుంటే, స్పానర్ ఇంజిన్‌కు తగిలిందంటే భగ్గుమంటుంది. మైనస్ ముందే తీసేస్తే ఆ ప్రమాదం లేదు. చేతికున్న ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. ప్లస్ వైరుకు ఎర్ర టేపు చుట్టి ఉంచితే చీకట్లో తికమక ఉండదు. తారుమారుగా కలిపితే ఫిష్ ఫైండర్, జీపీఎస్ అక్కడికక్కడే కాలిపోతాయి.

100 ఏహెచ్ బ్యాటరీ సుమారు 25, 30 కిలోలు ఉంటుంది. పెద్ద ట్యూబులర్ యాభై దాటుతుంది, ఇద్దరు పట్టాలి. నిటారుగానే మోయాలి. బైకు మీద కాళ్ల మధ్య అడ్డంగా పెట్టుకుని బరంపురం పోయేవాళ్లను చూస్తుంటాం. మూతల్లోంచి యాసిడ్ కారి ప్యాంటుతో పాటు తొడా కాలుతుంది. ఆటోలో నిలబెట్టి తీసుకెళ్లడం మంచిది.

ఎంత దిగిందో కొలవడం

ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి. కొన్ని వందల్లో వస్తుంది, ఈ మొత్తం పనిలో దీనికంటే లాభమైన సామాను లేదు. చార్జింగ్ తీసిన వెంటనే, లేదా ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే వోల్టేజీ అబద్ధం చెప్తుంది. కనీసం మూడు నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా, ఏ వైరూ తగిలించకుండా వదిలేసి పొద్దున్నే కొలవండి. మామూలు యాసిడ్ బ్యాటరీకి లెక్క ఇదీ:

- 12.6 నుంచి 12.7: నిండుగా ఉంది
- 12.4: ముప్పాతిక
- 12.2: సగం, ఇక ఆగండి
- 12.0: పావు
- 11.8 కంటే తక్కువ: ఖాళీ, ఒక్క రోజు కూడా అలా ఉంచొద్దు

ఏజీఎం అయితే నిండుగా ఉన్నప్పుడు 12.8 లేదా కొంచెం ఎక్కువ చూపిస్తుంది.

మూతలున్న బ్యాటరీకి హైడ్రోమీటర్, అంటే యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) కొలిచే గొట్టం, ఇంకా నిజాయితీగా చెప్తుంది. ఆరు మూతలూ తీసి ఒక్కో గదిలో యాసిడ్ పీల్చి చూడాలి. నిండుగా ఉన్నప్పుడు ఎంత చూపించాలన్నది కంపెనీని బట్టి, రకాన్ని బట్టి మారుతుంది. మన వేడి ప్రాంతాల కోసం చేసిన ట్యూబులర్లలో 1240 దగ్గర, లారీ బ్యాటరీల్లో 1250 నుంచి 1280 మధ్య ఉంటుంది. స్టిక్కర్ మీదో, కార్డు మీదో రాసి ఉంటుంది చూడండి. ఆ అంకె కన్నా గదుల మధ్య తేడాను ఎక్కువ గమనించాలి. ఐదు గదులు 1240 చూపించి ఆరోది 1200 చూపిస్తే ఆ గది జబ్బు పడింది. పూర్తిగా చార్జింగ్ పెట్టాక కూడా 30 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీని నమ్ముకుని సముద్రంలోకి వెళ్లకండి. ఒక్క గది బాగోకపోతే మిగతా ఐదింటినీ లాగేస్తుంది.

నీళ్లు

డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అంటే కొట్లో "బ్యాటరీ వాటర్" అని దొరికేది. ఒడ్డున బావుల్లో నీళ్లే ఉప్పగా ఉంటాయి, బోరు నీళ్లలో ఇనుము. ఏసీ నుంచి కారే నీళ్లు మంచివేనని కొందరు పట్టి పోస్తారు. అందులో దుమ్ము, రాగి గొట్టం తుప్పు కలిసి ఉంటాయి. లీటరు బ్యాటరీ వాటర్ చాలా చవక కదా, ఆ పొదుపు దేనికో నాకు అర్థం కాదు.

నీళ్లు పోయాల్సింది చార్జింగ్ అయ్యాక. చార్జింగ్‌లో యాసిడ్ పొంగుతుంది, ముందే నింపేస్తే పైకి పొర్లి కారిపోతుంది, ఆ కారింది నీళ్లు కాదు యాసిడ్. ఒక్క మినహాయింపు: మూత తీసి చూస్తే ప్లేట్లు గాలికి బయటపడి కనిపిస్తుంటే, అవి మునిగేంత వరకు మాత్రం ముందు పోసి, చార్జింగ్ పూర్తయ్యాక మిగతాది పోయాలి. ప్లేట్ల మీద సుమారు ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర వరకు ఉంటే చాలు. ట్యూబులర్ అయితే తేలే పుల్ల మీద గీత ఉంటుంది. యాసిడ్ ఎప్పుడూ పోయకండి. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ కాదు. గ్రావిటీ తగ్గిందని యాసిడ్ కలిపితే అంకె బాగానే కనిపిస్తుంది కానీ ఆ యాసిడ్ ప్లేట్లను తొందరగా తినేస్తుంది. కొందరు చార్జింగ్ కొట్లవాళ్లు అడక్కుండానే ఈ పని చేస్తారు, వద్దని ముందే చెప్పండి.

ఇక ఉప్పునీరు. అల కొట్టి సముద్రపు నీరు గదుల్లోకి పోతే, చార్జింగ్ పెట్టినప్పుడు క్లోరిన్ వాయువు వస్తుంది. ఘాటైన వాసన వస్తే చార్జర్ స్విచ్ ఆపేసి, అందరూ బయటికి రండి. ఆ బ్యాటరీని బాగుచేసే ప్రయత్నం పెట్టుకోకండి.

చార్జింగ్ పెట్టడం

ఆంపియర్ల లెక్క తేలిక: ఏహెచ్‌లో పదో వంతు. 100 ఏహెచ్‌కు 10 ఆంపియర్లు, 60కి 6. తొందరగా అవుతుందని 30 ఆంపియర్లు పెడితే వేడెక్కి ప్లేట్లు వంగుతాయి. సగం దిగిన 100 ఏహెచ్ బ్యాటరీకి 10 ఆంపియర్లతో 5 గంటల్లో అయిపోవాలి కదా అనిపిస్తుంది. కాదు. చివరి ఇరవై శాతం నెమ్మదిగానే ఎక్కుతుంది, అసలు ప్లేట్లు శుభ్రపడేది ఆ చివరి భాగంలోనే. ఎనిమిది నుంచి పది గంటలు ఇవ్వండి. ఐదు గంటలకే తీసి తెచ్చుకుంటే ప్రతిసారీ కొంత సల్ఫేట్ మిగిలిపోతూ ఉంటుంది. వారాల్లో తెలియదు, ఏడాదిలో తెలుస్తుంది.

కొత్తగా చార్జర్ కొనుక్కునేవాళ్లు ఆటోమేటిక్ మూడు దశలది తీసుకోండి. మొదట నిండు కరెంటు ఇస్తుంది, వోల్టేజీ 14.4 దగ్గరికి వచ్చాక అక్కడ పట్టి ఉంచి కరెంటును తగ్గిస్తూ పోతుంది, అయ్యాక 13.5, 13.8 మధ్య నిలబెడుతుంది. ఈ అంకెలు 25 డిగ్రీలకు చెప్పేవి. మన దగ్గర పాకలో 35 దాటితే సుమారు పావు వోల్టు తగ్గించాలి, అంటే 14.4 బదులు 14.2 చుట్టూ, 13.8 బదులు 13.5. కొన్ని చార్జర్లు వేడిని చూసి అవే తగ్గించుకుంటాయి. 14.4 దగ్గర ఉండగా కరెంటు 1, 2 ఆంపియర్లకు దిగిందంటే నిండినట్టు. హైడ్రోమీటర్ ఉన్నవాళ్లు గంటకోసారి మూడుసార్లు చూడండి, అంకె పెరగడం ఆగిందంటే ఇక చాలు.

బయట కొట్లో పెట్టిస్తే ఒక సంగతి కనిపెట్టాలి. చాలా పాత కొట్లలో వచ్చిన బ్యాటరీలన్నిటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఒకే చార్జర్‌తో నడుపుతారు. అన్నిటికీ ఒకే కరెంటు, ఒకే టైము. పూర్తిగా ఖాళీ అయిన లారీ బ్యాటరీ పక్కన ముప్పాతిక నిండిన మీ బ్యాటరీ పడితే, అది నిండేదాకా మీది ఉడుకుతుంది. "మాది విడిగా పెట్టండి" అని అడిగితే కొంచెం ఎక్కువ తీసుకుంటారు, ఇవ్వండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని బ్యాటరీ తీసి బోటు బ్యాటరీ కలిపి చార్జింగ్ పెడుతుంటారు. ట్యూబులర్‌కైనా, మామూలు పెద్ద బ్యాటరీకైనా అది పనికొస్తుంది. కానీ ఇన్వర్టర్ 10, 15 ఆంపియర్లు నెట్టేస్తుంది, చిన్న 35 ఏహెచ్ బ్యాటరీకి అది చాలా ఎక్కువ. కలిపేటప్పుడు ఇన్వర్టర్ ప్లగ్గు తీసి, స్విచ్ ఆపి కలపండి.

చోటు విషయంలో మాత్రం రాజీ వద్దు. చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది, యాసిడ్ మొహం మీద పడుతుంది. పడుకునే గదిలో, పొయ్యి దగ్గర, దేవుడి అగరొత్తులు వెలిగే చోట చార్జింగ్ వద్దు. వసారాలో, గాలి ఆడేచోట, నీడలో పెట్టండి. బీడీ ముట్టించుకుని మూతల్లోకి తొంగి చూసే అలవాటున్నవాళ్లు బీడీ పారేసి చూడండి. క్లిప్పులు పెట్టేటప్పుడైనా తీసేటప్పుడైనా చార్జర్ స్విచ్ ఆపి ఉండాలి. బ్యాటరీ పక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేసి చల్లారనివ్వండి. కంట్లో యాసిడ్ పడితే కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు మంచినీళ్లు పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

61 రోజులు, అంతకంటే ఎక్కువ రోజులు

అసలు సంగతి ఇక్కడుంది. ఏప్రిల్ 14న చివరి వేట నుంచి రాగానే బ్యాటరీని బోటు నుంచి విప్పి ఇంటికి తెచ్చేయండి. పూర్తిగా చార్జింగ్ పెట్టి, నీళ్లు చూసి, పైన తుడిచి, మల్టీమీటర్‌తో కొలిచి ఆ అంకె, తేదీ బ్యాటరీ మీదే టేపు అంటించి రాయండి. కాగితం మీద రాస్తే ఆ కాగితం దొరకదు.

ఇంట్లో నీడగా, గాలి ఆడేచోట పెట్టాలి. సిమెంటు నేల మీద పెడితే కరెంటు లాగేస్తుందనే మాట ఇప్పటికీ వింటుంటాను. పాతకాలం రబ్బరు డొక్కు బ్యాటరీల రోజుల్లో పుట్టిన మాట అది, ఇప్పటి ప్లాస్టిక్ డొక్కులకు వర్తించదు. కింద చెక్క పెట్టుకుంటే నష్టం లేదు, ఎత్తడానికి వీలుగా ఉంటుంది. చిన్నపిల్లలకు అందకుండా ఉండటం అంతకన్నా ముఖ్యం.

నెలకోసారి కొలవండి. 12.4కు దిగితే చార్జింగ్ పెట్టండి; అసలు దిగకపోయినా నెలకోసారి నాలుగైదు గంటలు పెట్టడం మంచి అలవాటు. మే 14 చుట్టూ ఒకసారి, జూన్ మొదటి వారంలో ఒకసారి అనుకుంటే లెక్క కుదురుతుంది. ఏజీఎం నెమ్మదిగా దిగుతుంది, దానికి రెండు నెలల్లో ఒకసారి సరిపోతుంది. ఎప్పుడూ చార్జర్‌కు తగిలించి ఉంచాలనుకుంటే ఆటోమేటిక్ చార్జర్‌తోనే, అదీ వారం వారం నీళ్లు చూసుకుంటూ. మామూలు పాత చార్జర్‌కు తగిలించి మర్చిపోతే నీళ్లన్నీ ఉడికి ప్లేట్లు ఎండిపోతాయి.

కరెంటు సరిగా ఉండని చోట చిన్న సోలార్ ప్యానెల్ మంచి పని. 100 ఏహెచ్ బ్యాటరీ నెలకు 10 శాతం దిగినా రోజుకు మూడో వంతు ఆంపియర్ అవరే. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో అర ఆంపియర్ పైన ఇస్తుంది, రోజుకు రెండు మూడు ఆంపియర్ అవర్లు వస్తాయి. కాపాడుకోవడానికి అది చాలా ఎక్కువ. అందుకే నేరుగా కలపకూడదు. 12 వోల్టుల ప్యానెల్ అని రాసి ఉన్నా ఖాళీగా ఎండలో పెడితే 21, 22 వోల్టులు చూపిస్తుంది. రెండు నెలలు నేరుగా కలిపి ఉంచితే బ్యాటరీని ఉడికించేస్తుంది. మధ్యలో చార్జ్ కంట్రోలర్ ఉండాలి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. తారుమారు చేస్తే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి. వేట రోజుల్లో కూడా బోటు మీద సోలార్‌తోనే నడుపుకోవాలంటే 50 వాట్లు పెట్టండి, ఎండ బాగుంటే రోజుకు 12, 15 ఆంపియర్ అవర్లు వస్తాయి. పైన చెప్పిన 35 లెక్కకు అది సగం కూడా కాదు, మిగతాది ఒడ్డున పెట్టుకోవాల్సిందే. వానాకాలంలో సోలార్‌ను నమ్ముకోవద్దు.

పెద్ద బోటును నీళ్లలోనే కట్టేసి ఉంచేవాళ్లకు ఒక తేడా. అడుగున చేరిన నీరు తోడే ఆటోమేటిక్ పంపు ఉంటే దాని బ్యాటరీ తీయకూడదు, తీస్తే బోటే మునుగుతుంది. మిగతా లైన్లన్నీ విప్పి పంపు లైను ఒక్కటే ఉంచి, వారానికోసారి కొలవాలి.

వాడకపోయినా రెండు రోజులకే దిగిపోతుంటే

బ్యాటరీ మంచిదే, బోటులో పెడితే మాత్రం తొందరగా దిగిపోతోందంటే ఎక్కడో కారుతోంది. అన్ని స్విచ్‌లూ ఆపండి. మైనస్ క్లాంప్ తీసి, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి, ఒక పుల్ల మైనస్ టెర్మినల్‌కు, ఇంకోటి తీసిన క్లాంప్‌కు పెట్టండి. ఆ సమయంలో ఇంజిన్ సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ కాలిపోతుంది. కొన్ని మిల్లీ ఆంపియర్లయితే ఫర్వాలేదు. అర ఆంపియర్ చూపిస్తే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టే. అప్పుడు ఒక్కో ఫ్యూజు తీస్తూ చూడండి, ఏది తీస్తే అంకె పడిపోయిందో ఆ లైనులో ఉంది తప్పు. మన బోట్లలో ఇది ఎక్కువసార్లు లైటు హోల్డర్‌లో పట్టిన ఉప్పు, లేదా టేపు చుట్టి వదిలేసిన జాయింటు.

టేపు జాయింట్లు నాకు అసలు నచ్చవు. ఉప్పు గాలిలో రాగి తీగ టేపు లోపలే నల్లబడి, పైకి బాగున్నట్టు కనిపిస్తుంది. తగరం పూత ఉన్న తీగ, ఒత్తి బిగించిన లగ్గులు, పైన వేడికి ముడుచుకునే గొట్టం వాడించండి. ప్లస్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరలో మెయిన్ ఫ్యూజు ఉండాలి.

టెర్మినల్ మీద పచ్చగా, తెల్లగా చిలుము పడితే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దండి. బుసబుసా పొంగుతుంది, పొంగనివ్వండి. ఒక్క చుక్క కూడా మూతల్లోకి పోకూడదు, పోతే లోపలి యాసిడ్‌ను చంపుతుంది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, క్లాంప్ బిగించాక పైన వ్యాజలీన్ రాయండి. బిగించకముందు రాస్తే కాంటాక్టు సరిగా ఉండదు.

బోటులో బ్యాటరీ మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, గాలి పోయే రంధ్రాలతో, అడుగున రబ్బరు వేసి, బెల్టుతో బిగించి ఉండాలి. మన ఒడ్డున బోటు అలల్లోంచి దూకుతూ బయటికి పోతుంది, ఆ కుదుపుకి ప్లేట్ల మసి రాలి అడుగున చేరి గది షార్ట్ అవుతుంది. కట్టని బ్యాటరీ పాడవడానికి ఇదొక్కటే చాలు.

దింపే వారం ముందు పరీక్ష

నిషేధం తీరే ముందురోజు కాదు, వారం ముందు. బ్యాటరీ పోయిందని తేలితే కొనడానికి టైము ఉండాలి. పూర్తిగా చార్జింగ్ పెట్టి రాత్రంతా వదిలేసి కొలవండి, 12.6 ఉండాలి. తర్వాత 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించండి, అది సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. 100 ఏహెచ్ బ్యాటరీకి ఐదు గంటలు వెలిగించి ఆపి, రెండు మూడు గంటలు ఆగి కొలవండి. పావు వంతు వాడారు కాబట్టి 12.4 దగ్గర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 12.2 చూపిస్తే సగం ఓపికే మిగిలింది. పగటి వేటకు పనికొస్తుంది, రాత్రి వేటకు వద్దు. ఐదు గంటల లోపే బల్బు మసకబారితే మార్చేయండి. పరీక్ష అయ్యాక మళ్లీ నింపడం మర్చిపోకండి. సెల్ఫ్ స్టార్ట్ బోటులో ఇంకో పరీక్ష కూడా ఉంది: సెల్ఫ్ కొట్టి ఇంజిన్ తిప్పుతున్నప్పుడు వోల్టేజీ చూస్తే 9.6 కంటే కిందికి పడకూడదు.

లిథియం ఉన్నవాళ్లకు

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు పద్ధతి తిరగబడుతుంది. వాటిని నిండుగా దాచకూడదు, 50, 60 శాతం దగ్గర విప్పి పెట్టేయాలి. నెలకు దిగేది చాలా తక్కువ, రెండు మూడు నెలలకోసారి చూస్తే చాలు. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం, చాలాసేపు ఒకేలా చూపిస్తుంది. లిథియం చార్జర్‌తోనే పెట్టాలి. ప్లేట్ల మీది సల్ఫేట్ వదిలించడానికి "డీసల్ఫేషన్" బటన్ ఉన్న సీసం చార్జర్ తగిలిస్తే లోపలి రక్షణ సర్క్యూట్ దెబ్బతినొచ్చు.

తుఫాను రోజులు

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర. రెండుసార్లూ ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే బోటు పైకి లాగేటప్పుడే బ్యాటరీ కూడా ఇంటికి తెచ్చి నిండా చార్జింగ్ పెట్టండి, తర్వాత పెడదామంటే కరెంటు ఉండదు. ఒక ఎల్ఈడీ బల్బు, కారులో వాడే ఫోన్ చార్జర్ సాకెట్టు ఉంటే చాలు, నాలుగైదు రోజులు ఫోన్లు నడుస్తాయి. అప్పుడు కూడా 12.2 దగ్గర ఆపేయండి. కరెంటు వచ్చిన రోజున వరసలో మొదట పెట్టాల్సింది దీన్నే. నీళ్లలో మునిగిన బ్యాటరీని పైన మంచినీళ్లతో కడిగి, మూతలు తీసి చూసి, ఉప్పునీరు లోపలికి పోయిందని అనుమానం ఉంటే పక్కన పెట్టేయండి.

పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకునేటప్పుడు

పాత బ్యాటరీలో యాసిడ్‌ను ఇసుకలో ఒంపి, డొక్కు పగలగొట్టి సీసం అమ్ముకోవడం అక్కడక్కడా ఇంకా ఉంది. ఆ సీసం తాగే బావుల్లోకే వస్తుంది, పిల్లల బుర్ర మీద దెబ్బ కొడుతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులు పాతవి వెనక్కి తీసుకోవాలి. కొత్తది కొనే కొట్లోనే పాతదానికి ధర కట్టి తగ్గిస్తారు, యాసిడ్‌తో సహా అలాగే ఇవ్వండి.

కొత్తది కొనేటప్పుడు తయారైన నెల చూడండి. యాసిడ్ పోసి ఆరు నెలలుగా కొట్లోనే ఉన్నదైతే అది కూడా మీ పాక మూలలో బ్యాటరీలాగే దిగి ఉంటుంది. అక్కడే మల్టీమీటర్ పెట్టి కొలిచి, 12.5 కంటే తక్కువ ఉంటే వేరేది అడగండి. లారీ బ్యాటరీ తీసుకుంటుంటే వారంటీ కార్డు వెనక చదివించుకోండి. వాహనంలో వాడితేనే వారంటీ అని రాసి ఉంటే బోటు పేరు చెప్పి కొన్నాక లాభం లేదు. దానికన్నా బిల్లు మీద "సోలార్ వాడకం" అని ఉండే ట్యూబులర్‌కు కొంచెం ఎక్కువ పెట్టడం నయం.